పసిబిడ్డల పక్షాన నిలిచిన దోనావూరు అమ్మ

1901 మార్చి మొదటి వారం. తిరునెల్వేలి ప్రాంతంలోని పన్నైవిళై అనే పల్లె. చీకటి పడే వేళ ఏడేళ్ళ ఆడపిల్ల ఒకతె గుడి ఇంటి నుంచి తప్పించుకొని వచ్చి అక్కడి చర్చి దగ్గర నిలబడింది. పేరు ప్రీనా. తండ్రి చనిపోయాడు. బిడ్డను దేవుడికి ఇచ్చేస్తే పుణ్యమని ఎవరో చెబితే నమ్మి, తల్లి ఆమెను పెరుంగుళం గుడికి చెందిన స్త్రీలకు అప్పగించింది. ప్రీనా అంతకు ముందు కూడా ఒకసారి పారిపోయింది. ఇరవై మైళ్ళు నడిచి తూత్తుకుడిలో ఉన్న తల్లి దగ్గరకు చేరింది. వెంట వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు దేవతాగ్రహం పేరు చెప్పి భయపెట్టేసరికి, తన మెడను కరుచుకున్న బిడ్డ చేతులను ఆ తల్లే విడదీసి వాళ్ళకు ఇచ్చేసింది. పారిపోయినందుకు శిక్షగా ఆ చిన్న చేతులకు ఇనుము కాల్చి వాతలు పెట్టారు. అందుకే ఈసారి ఆ పాప తల్లి దగ్గరకు వెళ్ళలేదు. ముక్కూమొహం తెలియనివారి దగ్గరకు వచ్చింది. ఒక క్రైస్తవ స్త్రీ ఆమెను చూసి రాత్రికి తన ఇంట ఉంచుకొని, తెల్లవారగానే ఆ ఊళ్ళో దిగిన దొరసాని దగ్గరకు తీసుకువచ్చింది. దొరసాని వరండాలో టీ తాగుతోంది. పాప తిన్నగా వెళ్ళి ఆమె ఒడిలో కూర్చుంది. ఆ దొరసాని పేరు ఎమీ కార్మైకేల్. అప్పటికి ఆమె వయసు ముప్పై మూడేళ్ళు.

గుడి ఇంటి స్త్రీలు వెతుక్కుంటూ వచ్చారు. జనం గుమిగూడారు. పిల్లను పంపేది లేదని ఎమీ తేల్చి చెప్పింది. ఆ తర్వాతి రోజుల్లో ప్రీనా బొమ్మలతో ఆడుకుంటూ, తనకు అక్కడ ఏమేమి నేర్పారో, పెద్దయ్యాక ఏం చేయాలని చెప్పారో తన పసి భాషలో చెప్పుకుంటూ పోయింది. అది చెడ్డదని కూడా ఆ పాపకు తెలియదు. వింటున్న ఎమీకి మాత్రం నిద్ర పట్టలేదు. అంతవరకు ఆమె పల్లెపల్లెకూ తిరిగి సువార్త చెప్పే మిషనరీ. ఆ రోజు నుంచి ఆమె పని మారిపోయింది. ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. పాప చెప్పింది, ఆమె నమ్మింది. చిన్నపిల్లలు కల్పించి చెబుతారని కొట్టిపారేయలేదు, ఇలాంటివి మాట్లాడకూడదని నోరు మూయించలేదు. మా పాస్టర్ల అనుభవంలో పిల్లలకు జరిగే రెండో అన్యాయం ఎక్కువగా ఈ చోటే జరుగుతుంది. మొదటి అన్యాయం చేసేది ఒక దుర్మార్గుడు. రెండోది చేసేది చాలాసార్లు బిడ్డను ప్రేమించే తల్లిదండ్రులే.

ఎమీ 1867 డిసెంబరు 16న ఉత్తర ఐర్లండ్ సముద్ర తీరాన మిల్ఐల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో పెద్దది. తండ్రికి పిండి మర ఉండేది. కుటుంబం ప్రెస్బిటేరియన్ భక్తి కుటుంబం. 1885లో తండ్రి న్యుమోనియాతో చనిపోయాడు, ఆస్తి కరిగిపోయింది. బెల్ఫాస్ట్ నగరంలో ఒక ఆదివారం గుడి నుంచి తిరిగి వస్తుండగా, చింపిరి బట్టల ముసలమ్మ ఒకతె బరువైన మూట మోస్తూ కనిపించింది. ఎమీ, ఆమె తమ్ముళ్ళు ఆ మూట అందుకున్నారు. గౌరవనీయులైన సంఘస్థులు ఎదురుపడి చూస్తుంటే పిల్లలకు సిగ్గుతో ముఖాలు ఎర్రబడ్డాయట. కొరింథీయులకు రాసిన పత్రికలో పౌలు, పునాది మీద బంగారంతో కట్టేవారు గడ్డితో కట్టేవారు అని చెప్పిన మాట ఆ నిమిషంలోనే ఆమె మనసుకు తట్టింది. మనుషుల మెప్పు కోసం బతకడం ఆమె ఆ రోజుతో మానేసింది.

అక్కడి నూలు మిల్లుల్లో పనిచేసే పేద ఆడపిల్లలు టోపీ కొనలేక తల మీద శాలువా కప్పుకొని తిరిగేవారు. పెద్ద గుడులలో వాళ్ళకు చోటు ఉండేది కాదు. ఎమీ వాళ్ళను పోగు చేసి, 1889 నాటికి ఐదువందల మంది పట్టే రేకుల మందిరం కట్టించింది. ఇరవై ఏళ్ళ పిల్ల చేసిన పని అది. ఆ మిల్లు పిల్లల జీవితాలను దగ్గరగా చూడడం వల్లనే, పేద ఆడపిల్ల మీద ఎవరి కన్ను ఎలా పడుతుందో ఆమెకు ఇండియాకు రాకముందే తెలుసు. ఆ రోజుల్లో బ్రిటన్ కూడా ఈ విషయంలో పెద్ద గొప్పగా ఏమీ లేదు. లైంగిక సమ్మతికి ఆ దేశపు చట్టం పెట్టిన వయసు 1885 వరకు పదమూడేళ్ళే. డబ్ల్యూ. టి. స్టెడ్ అనే పత్రికా సంపాదకుడు, లండన్‌లో పసిపిల్లలను ఎలా కొంటున్నారో స్వయంగా కొని చూపించి పత్రికలో రాస్తే దేశం అట్టుడికిపోయింది. వయసు పదహారుకు పెంచారు. తమాషా ఏమిటంటే, ఆ బేరాన్ని బయటపెట్టిన స్టెడ్‌నే పిల్లను ఎత్తుకుపోయాడన్న నేరం మీద మూడు నెలలు జైల్లో పెట్టారు. ఇది గుర్తుంచుకోండి, ఎమీ జీవితంలో కూడా ఇలాంటి ఘట్టం వస్తుంది.

ఆరోగ్యం బాగా లేదని చైనా మిషన్ వారు ఆమెను తిరస్కరించారు. 1893లో జపాన్ వెళ్ళింది, పదిహేను నెలలకే జబ్బుపడి వెనక్కి వచ్చింది. 1895 నవంబరులో బెంగళూరులో దిగింది, అదీ డెంగీ జ్వరంతో. తర్వాత ఏడాది చివర థామస్ వాకర్ అనే మిషనరీ కుటుంబంతో తిరునెల్వేలి ప్రాంతానికి వెళ్ళింది. ఇక యాభై ఐదేళ్ళు ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్ళలేదు. చీర కట్టింది, తమిళం నేర్చుకుంది. పొన్నమ్మాళ్ అనే యువ వితంతువు, మరికొందరు స్త్రీలతో కలిసి ఎద్దుబండి మీద ఊళ్ళు తిరిగింది.

తిరునెల్వేలి అనగానే మన తెలంగాణ క్రైస్తవులకు పరాయి ఊరు అనిపించకూడదు. అదే జిల్లాలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, అదే సంవత్సరాల్లో, 1903లో, మిత్రులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించాడు. ఆ సొసైటీ తన పనివారిని నైజాం రాజ్యంలోని డోర్నకల్‌కు పంపింది. 1912లో అజరయ్యగారు డోర్నకల్ బిషప్ అయ్యారు. 1978లో ఆ డోర్నకల్ నుంచే కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడింది. ఎమీకి తండ్రిలాంటివాడైన వాకర్‌గారు 1912 ఆగస్టులో కన్నుమూసింది కూడా తెలుగు గడ్డ మీదనే. కూటాల కోసం మచిలీపట్నం వచ్చి అక్కడే జబ్బుపడి చనిపోయారు. ఆ వార్త టెలిగ్రాంలో అందినప్పుడు ఎమీ చుట్టూ పసిపిల్లలు మూగి ఉన్నారు. ఏడవడానికి కూడా ఆమెకు తీరిక దొరకలేదు.

ప్రీనాను ఏ పని కోసం పెంచారు? దేవదాసీ వ్యవస్థకు సంగీతం, నాట్యం తాలూకు గొప్ప చరిత్ర ఉంది. ఒకప్పుడు వారికి మాన్యాలూ మర్యాదా ఉండేవి. దానిని మనం కాదనడం లేదు. అయితే పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ పేరు చాటున చాలాచోట్ల జరిగింది పసిపిల్లల వ్యాపారమే. పేద వితంతువుకు కాస్త డబ్బు, జబ్బు చేసిన ఇంటికి ఒక మొక్కు, అనాథ బిడ్డకు ఒక దత్తత. కాగితం మీద అన్నీ సక్రమమే. 1860 నాటి శిక్షాస్మృతిలోనే, పదహారేళ్ళలోపు ఆడపిల్లను వ్యభిచారం కోసం అమ్మినా కొన్నా నేరమని 372, 373 సెక్షన్లు ఉన్నాయి. కాని అమ్మకం ఎప్పుడు జరిగిందో, ఏ ఉద్దేశంతో జరిగిందో సాక్ష్యం ఎవరు చెబుతారు? పైగా 1858 తర్వాత, ప్రజల మత వ్యవహారాల్లో తల దూర్చబోమని ప్రభుత్వం ప్రకటించుకొని ఉంది. ఆ ప్రకటన అధికారులకు చేతులు ముడుచుకోవడానికి మంచి సాకు అయింది. ఎమీ వివరాలు చెబుతూ వెళ్ళిన ప్రతిచోటా రుజువు అడిగారు. ఆమె స్వయంగా గుడి ఊళ్ళకూ, సత్రాలకూ, రైలు స్టేషన్లకూ తిరిగి, ఎవరు తెస్తారు, ఎవరు బేరం పెడతారు, ఎక్కడికి చేరుస్తారు అన్నది ఏళ్ళ తరబడి కూర్చింది.

మన కరీంనగర్, ఆదిలాబాద్, పక్కనున్న నిజామాబాద్ పల్లెలకు ఈ కథ కొత్తది కాదు. ఇక్కడ పేరు జోగిని. బిడ్డకు జబ్బు చేసినా, ఇంట్లో మగపిల్లవాడు పుట్టకపోయినా, ఊరికి కలరా వచ్చినా కరువు వచ్చినా ఎల్లమ్మకో పోచమ్మకో ఒక ఆడపిల్లను ఇస్తామని మొక్కుకునేవారు. మొక్కు ఎవరిదైనా, ఇచ్చే బిడ్డ మాత్రం ఎక్కువగా మాల మాదిగ వాడల బిడ్డే. దేవత పేరు మీద మెడలో తాళి పడేనాటికి ఆ పిల్లకు ఐదేళ్ళో, ఏడేళ్ళో. పెద్దమనిషి అయ్యాక మొదట ఊరి దొరకో పటేలుకో, ఆ తర్వాత ఊళ్ళో ఎవరికైనా ఆమె మీద హక్కే. జాతరలో ఆడాలి, చావు ఊరేగింపు ముందు ఆడాలి. పెళ్ళి చేసుకోకూడదు. పుట్టిన బిడ్డను బడిలో వేయబోతే తండ్రి పేరు రాసే గడి దగ్గర పంతులు కలం ఆగిపోయేది. ఆమె ముట్టిన నీళ్ళు పగటిపూట తాగనివాళ్ళే రాత్రిపూట ఆమె గడప తొక్కేవారు.

ఇందులో రహస్యం ఏమీ లేదు. ఊరందరి ఎదుట డప్పులు కొట్టి చేసిన పనే. తల్లికి భయం, తంతు జరిపించినవాడికి కానుక, దొరకు సుఖం, ఊరికి వేడుక. పంతులుకు తెలుసు, పట్వారీకి తెలుసు, పోలీసు పటేలుకు తెలుసు. అందరికీ తెలిసిన పాపాన్ని ఎవరూ పాపమనరు. దీనికి బైబిల్లోనే ఒక భయంకరమైన ఉదాహరణ ఉంది. రెండో సమూయేలు గ్రంథం పదమూడో అధ్యాయం మా ప్రసంగాల్లో చాలా అరుదుగా వినిపిస్తుంది. దావీదు కూతురు తామారును ఆమె అన్నవరుసైన అమ్నోను చెరిచాడు. ఆమె బూడిద పోసుకొని, బట్ట చింపుకొని, ఏడుస్తూ బయటికి వచ్చింది, అంటే దాచలేదు. సొంత అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు. తండ్రి దావీదుకు విపరీతమైన కోపం వచ్చిందని గ్రంథం చెబుతుంది. కోపం వచ్చి ఏం చేశాడు? ఏమీ చేయలేదు. నేరస్థుడు పెద్దకొడుకు కదా! కీర్తనలు రాసిన భక్తుడు, న్యాయం తీర్చే రాజు, తన ఇంటి ఆడబిడ్డ దగ్గరకు వచ్చేసరికి మూగవాడయ్యాడు. అబ్షాలోము పగ, అమ్నోను హత్య, తిరుగుబాటు, ఆ ఇల్లు కూలిపోవడం, ఇవన్నీ ఆ మౌనం కడుపున పుట్టినవే. తామారు మాత్రం అన్న ఇంట్లో పాడైపోయిన బతుకుతో మిగిలిపోయింది. ఆమె గురించి గ్రంథం ఆ తర్వాత ఒక్క మాట కూడా చెప్పదు.

ఎమీ ఆ మౌనాన్ని పాటించలేదు. ఆమె 1903లో అచ్చువేసిన పుస్తకం పేరుకు, ఉన్నది ఉన్నట్టు అని అర్థం చెప్పుకోవచ్చు. మిషనరీ పుస్తకాలంటే అప్పట్లో విజయగాథలే. ఇన్ని ఆత్మలు రక్షింపబడ్డాయి, ఇన్ని గుడులు కట్టాం అని రాస్తేనే ఇంగ్లండులో చందాలు వస్తాయి. ఆమె రాతప్రతి మొదట వెనక్కి వచ్చింది, మరీ నిరుత్సాహంగా ఉందని. చివరికి అచ్చయ్యాక, ఇది నిజమేనా అని అడిగినవాళ్ళు ఎందరో! తర్వాతి ముద్రణలో ఇతర ప్రాంతాల మిషనరీల చేత ఇదంతా నిజమేనని సాక్ష్యపు ఉత్తరాలు రాయించి చేర్చవలసి వచ్చింది. దక్షిణ భారతంలోని తోటి మిషనరీలే కొందరు ఆమెను స్వదేశానికి వెనక్కి పిలిపించాలని ప్రయత్నించారు. పసిపిల్లలను అమ్మేవాళ్ళు శత్రువులు కావడం సహజం. సొంతవాళ్ళ సణుగుడే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. సంస్థ పరువు ముందా, బిడ్డ ముందా అన్న ప్రశ్న దగ్గర మంచివాళ్ళు కూడా ఎలా తడబడతారో ఆమె చూసింది.

ఇక కోర్టులు. చట్టం దృష్టిలో పిల్ల మీద హక్కు తల్లిదే, సంరక్షకుడిదే. ఆ సంరక్షకుడే బిడ్డను అమ్మేవాడైతే? ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. ముత్తమ్మాళ్ అనే బాలిక కేసు చాలాకాలం నడిచి 1911లో ఎమీకి వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. పిల్లను తల్లికి అప్పగించాలని, ఖర్చులు కూడా కట్టాలని. అప్పగించే గడువుకు ముందే ఆ అమ్మాయి మగపిల్లవాడి వేషంలో తప్పించుకుంది. సిలోన్ మీదుగా చైనాలోని మిషనరీల ఇంటికి చేరి, సంవత్సరాల తర్వాత గానీ తిరిగి రాలేదు. ఎమీ ఎత్తుకుపోయిన నేరం మీద జైలుకు వెళ్ళడానికి సిద్ధపడే ఉంది. అది తప్పా ఒప్పా అని వేదాంత కళాశాలల్లో ఒక గంట చర్చించవచ్చు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో అధికారులకు లోబడమన్న మాట కూడా మనకు తెలుసు. అయితే ఫరో ఆజ్ఞను పక్కనపెట్టి మగశిశువులను బతకనిచ్చిన షిఫ్రా, పూయా అనే మంత్రసానులను దేవుడు దీవించాడని నిర్గమకాండం చెబుతుంది. మేము ఆ మంత్రసానుల పక్షమే.

1901లోనే ఎమీ, వాకర్ కుటుంబం దోనావూరులో స్థిరపడ్డారు. డోనా అనే జర్మన్ ప్రభువు ఇచ్చిన విరాళంతో పూర్వం అక్కడ గుడి కట్టినందున ఆ ఊరికి ఆ పేరు. 1904 నాటికి పిల్లలు పదిహేడు మంది అయ్యారు. తర్వాత పొత్తిళ్ళలోని పసికందులే రావడం మొదలైంది. చంటిబిడ్డకు పాలు పట్టడానికి, రాత్రంతా మేలుకోవడానికి మనుషులు కావాలి. కులం పట్టింపు వల్ల ఊళ్ళో స్త్రీలు పరాయి బిడ్డకు పాలివ్వరు. డాక్టరు దగ్గరలో లేడు. అందుకని నెయ్యూరు మిషన్ ఆసుపత్రి పక్కన శిశుశాల పెట్టి పొన్నమ్మాళ్‌కు అప్పగించారు. ఆ తొలి ఏళ్ళలో అంటువ్యాధులకు చాలామంది పసివాళ్ళు పోయారు. ఒక్కొక్క చిన్న సమాధి తవ్వుతుంటే, వీళ్ళను తెచ్చి చంపుకుంటున్నారన్న మాట కూడా పడవలసి వచ్చింది. పొన్నమ్మాళ్ 1915లో చనిపోయింది. ఎమీ పేరు లోకానికి తెలిసినంతగా పొన్నమ్మాళ్ పేరు తెలియదు. తెలియాలి. కులమూ, అత్తింటి కట్టుబాట్లూ దాటి వచ్చి, ఊరుపేరు తెలియని బిడ్డల మలమూత్రాలు ఎత్తిన మనిషి ఆమె. 1913 నాటికి నూట ముప్పై మంది ఆడపిల్లలు. 1918లో మగపిల్లల ఇల్లు కూడా మొదలైంది, ఎందుకంటే నాటకాల కంపెనీల వెంట మగపిల్లలకూ అదే గతి పడుతోందని అప్పటికి తెలిసింది. మగపిల్లలకు ఏమవుతుందిలే అనుకునే మనవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పిల్లల్లో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. అందుకని దోనావూరులో పుట్టినరోజుకు బదులు, ఆ బిడ్డ ఇంటికి వచ్చిన రోజును పండుగ చేసేవారు. ఆ రోజు గదికి పూలు, బిడ్డకు ఒక చిన్న బహుమతి. పుస్తకాల్లో పిల్లల పేర్లు మార్చి రాసేది, ఊళ్ళ పేర్లు దాచేది. బాధితురాలి వివరాలు బయటపెట్టడం ఇప్పుడు నేరం. ఆ జాగ్రత్త ఆమెకు వందేళ్ళ ముందే తట్టింది. అయితే 1909లో వచ్చిన పుస్తకంలో పసిపిల్లల ఫోటోలు అచ్చువేసింది. ఈనాటి చట్టం దానిని ఒప్పదు, మేమూ ఒప్పం. ఆమెలో ఇతర లోపాలూ ఉన్నాయి. తన మాటే చెల్లాలనే పట్టుదల ఎక్కువ. గోడల లోపలి జీవితం మరీ కట్టుదిట్టంగా నడిచేదనీ, బయటి లోకంలోకి వెళ్ళిన పిల్లలు తడబడ్డారనీ విమర్శ ఉంది. భక్తుల జీవితాలు రాసేటప్పుడు లోపాలు తుడిచేయడం మన పత్రికలకు అలవాటు. బైబిలు మాత్రం దావీదు విషయంలో కూడా అలా తుడవలేదు.

ఇదంతా ఒక మతం మీద మరొక మతం వేసిన నింద అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దేవదాసీ తల్లికి పుట్టి డాక్టరై, మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన ముత్తులక్ష్మీ రెడ్డిగారు ఇరవై ఏళ్ళు పోరాడితే, 1947లో మద్రాసు రాష్ట్రం బిడ్డలను దేవుళ్ళకు అంకితమివ్వడాన్ని నిషేధించింది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మగారు తన ఆది హిందూ ఉద్యమంలో భాగంగా జోగిని ఆచారాన్ని మానిపించడానికి తన జీవితాంతం, 1939 వరకు, ఊరూరా చెప్పారు. మద్రాసు చట్టం నైజాం ఏలుబడిలోని కరీంనగర్, ఆదిలాబాదులకు వర్తించలేదు. 1956లో తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక కూడా మరో ముప్పై రెండేళ్ళు గడిచాయి. రాష్ట్రమంతటికీ వర్తించే దేవదాసీ నిషేధ చట్టం 1988లో వచ్చింది. ఈలోగా ఎన్ని తాళులు పడ్డాయో ఎవరు లెక్కపెట్టారు? మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణంగారు నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతపు పల్లెల్లో జోగినుల మధ్య కూర్చుని, వాళ్ళకు పెళ్ళిళ్ళు చేయించి, పిల్లలను బడికి పంపించి, 2008లో కన్నుమూశారు. ఆమె సంస్థ నాస్తిక కుటుంబానిది. పని మాత్రం సమరయుడు చేసిన పని. గాయపడినవాడిని దాటి వెళ్ళిపోయిన యాజకుడు, లేవీయుడు ఎవరో మనం వెతుక్కోనక్కరలేదు. మా సంఘాల్లో సగానికి సగం కుటుంబాలు ఆ వాడల నుంచి వచ్చినవే అయినా, జోగిని అన్న పదం మా ప్రసంగ వేదికల మీద వినిపించింది బహు తక్కువ.

జోగిని ఆచారం చాలావరకు తగ్గింది. బిడ్డలకు ఆపద తగ్గిందా? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే, 53 శాతానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు తమకు ఎదురైందని చెప్పారు. వారిలో మగపిల్లలు ఆడపిల్లలకు తీసిపోలేదు. సగం సందర్భాల్లో ఆ పని చేసినవాడు బిడ్డకు బాగా తెలిసినవాడే. ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. శాతం ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన ప్రాంతంలో దీని రూపం మనకు తెలుసు. తండ్రి దుబాయిలో, తల్లి పొద్దంతా బీడీల చాట ముందు, బిడ్డ మేనమామ ఇంట్లోనో హాస్టల్లోనో. విషయం బయటపడితే పెద్దమనుషులు పంచాయితీ పెడతారు. పరువు, పిల్ల పెళ్ళి, కొంత డబ్బు, ఒక కాగితం మీద వేలిముద్ర. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం ఇది రాజీపడే నేరం కాదు. తెలిసి కూడా పోలీసులకు చెప్పనివారికి ఆరు నెలల వరకు, సంస్థ అధిపతి అయితే ఏడాది వరకు జైలు. ఆ చట్టంలో పాస్టరుకు, సంఘ పెద్దకు, సండే స్కూల్ టీచరుకు మినహాయింపు లేదు. 1098 నంబరుకు బిడ్డే ఫోన్ చేయవచ్చు, పక్కింటివారైనా చేయవచ్చు.

గుడి గోడలు బిడ్డలకు కోట అని మనం నమ్ముతాం. ఎమీ పుట్టిన దీవి నుంచే దీనికి జవాబు వచ్చింది. 2009 మేలో ఐర్లండ్ విచారణ సంఘం నివేదిక ఇచ్చింది. మఠాల వారు నడిపిన అనాథ, పారిశ్రామిక పాఠశాలల్లో దశాబ్దాల పాటు పిల్లల మీద దెబ్బలు, లైంగిక దాడులు సాగాయని, పెద్దలకు తెలిసి కూడా నిందితులను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చి ఊరుకున్నారని తేల్చింది. అది కథోలికుల సంగతి అని ప్రొటెస్టెంట్లు తప్పుకోవడానికి లేదు. ఎమీ మిల్లు పిల్లలకు మందిరం కట్టిన బెల్ఫాస్ట్‌లోనే కిన్‌కోరా అనే మగపిల్లల హాస్టల్ గుట్టు 1980లో బయటపడింది. మరుసటి ఏడాది శిక్షపడిన ముగ్గురు సిబ్బందిలో ఒకడు ప్రొటెస్టెంటు భక్తుడిగా చలామణి అయినవాడు. చిన్నబిడ్డను అభ్యంతరపెట్టేవాడి మెడకు తిరుగటి రాయి కట్టి సముద్రంలో ముంచడమే మేలని యేసుప్రభువు హెచ్చరించింది పరాయివాళ్ళను కాదు. ఆ మాట ఆయన తన శిష్యులతోనే, తమలో ఎవరు గొప్ప అని వాళ్ళు వాదులాడుకుంటున్న రోజునే అన్నాడు.

ఎమీ చివరి ఇరవై ఏళ్ళు మంచం మీదనే గడిచాయి. 1919లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ప్రకటిస్తే, వద్దని ఉత్తరం రాసి, బలవంతం మీద ఒప్పుకొని, అందుకోవడానికి మాత్రం వెళ్ళలేదు. 1927లో దోనావూరు ఫెలోషిప్ స్వతంత్ర సంస్థగా రిజిస్టరయింది. 1931లో, కళక్కాడు అనే ఊళ్ళో ఆసుపత్రి కోసం తీసుకున్న ఇంటిని చూడబోయి, మరుగుదొడ్డి కోసం తవ్విన గుంటలో చీకట్లో పడింది. కాలు విరిగింది, చీలమండ తప్పింది, వెన్ను దెబ్బతింది. ఆ గదిలోంచి ఇక పెద్దగా బయటికి రాలేదు. పడుకొనే డజనుకు పైగా పుస్తకాలు రాసింది. కొత్తగా వచ్చిన ప్రతి బిడ్డను ఆ మంచం దగ్గరకు తెచ్చి చూపేవారు. మద్రాసు చట్టం వచ్చినప్పుడు ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆ చట్టం కోసం ప్రీనా వచ్చిన నాటి నుంచి నలభై ఆరేళ్ళు ఆగింది. ఆ మధ్యకాలంలో ఆ ఇంటి నీడకు చేరిన పిల్లలు వెయ్యి మందికి పైనే అని ఆమె జీవితం రాసినవారు చెబుతారు.

1951 జనవరి 18న ఎమీ కన్నుమూసింది. సమాధి మీద రాయి పెట్టవద్దని ముందే చెప్పింది. పిల్లలు ఆ చెట్ల కింద పక్షులు నీళ్ళు తాగే రాతి తొట్టి ఒకటి నిలబెట్టి, దాని మీద అమ్మ అనే అర్థం వచ్చే తమిళ మాట ఒక్కటే చెక్కించారు. పుట్టిన తేదీ గానీ, పోయిన తేదీ గానీ, ఇంటిపేరు గానీ అక్కడ లేవు. ఆ తోటలోనే, కొంచెం అవతల, నెయ్యూరు రోజుల తర్వాత పోయిన పసివాళ్ళ సమాధులు ఉన్నాయి. వాటి మీదా రాళ్ళు లేవు.